మేస్త్రి ఫోనుకి వెళ్ళిన ఓటీపీ

అది 2023, వానాకాలం. నర్సాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. ఊరి పేరు రాయను. రాస్తే ఇబ్బంది పడేది నేను కాదు, అక్కడి రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు. మా ఓపీ, అంటే మంచం ఎక్కించకుండా చూసి మందిచ్చి పంపే వైద్యం, పొద్దున్నే మొదలవుతుంది. ముందు కౌంటర్లో చీటీ, తర్వాత నా బల్ల దగ్గర బీపీ, జ్వరం, బరువు. ఆ తర్వాతే డాక్టరు గారి గది.

ఆ ఏడాది పైనుంచి ఒక టార్గెట్ వచ్చింది. ప్రతి రోగికీ హెల్త్ ఐడీ ఉండాలి. అంటే ఆరోగ్య వివరాలన్నీ ఒకచోట చేరే నంబరు. చీటీ కావాలంటే ఆ ఐడీకి కలిపిన ఫోనుకి ఓటీపీ వెళ్తుంది. అది చెబితేనే కంప్యూటర్ ముందుకు కదులుతుంది. ఓటీపీ లేనివాళ్ళని చూడొద్దని ఎవరూ ఆర్డరు వేయలేదు. కాగితం మీద చీటీ రాసి ఇవ్వొచ్చు. కానీ కాగితం చీటీలు టార్గెట్లో కలవవు కాబట్టి కౌంటర్లో ఆపరేటర్ వాటి జోలికే పోయేవాడు కాదు. అతన్ని అని కూడా లాభం లేదు, నెలాఖరు మీటింగులో నిలబెట్టి తిట్టేది అతన్నే.

ఒకరోజు నాగమణి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, షెడ్డులో రొయ్యల తలలు తీసే పని. లైన్లో నిలబడినంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంది. కౌంటర్ దగ్గర ఏదో మాట జరిగింది. గిరుక్కున వెనక్కి తిరిగి గేటు దాటేసింది. అంత దగ్గుతో వెళ్ళిపోనిస్తే ఎలా అని బీపీ మిషన్ వదిలేసి నేనూ వెనకే వెళ్ళాను.

"ఏంటమ్మా, చూపించుకోకుండా వెళ్ళిపోతున్నావ్?"

"వద్దులెండి మేడం గారూ. ఓటీపీ మా మేస్త్రి గారి ఫోనుకి ఎల్తాదంట. ఆయనకి ఫోన్ చేసి అడగమంటన్నారు."

"నీ ఐడీకి మేస్త్రి ఫోనేంటి?"

"షెడ్డులో క్యాంపు పెట్టినప్పుడు అందరికీ ఆయన నెంబరే ఎక్కించేరండి. ఇప్పుడు అడిగితే ఏం రోగం అంటారండి. దగ్గని తెలిస్తే రేపట్నుంచి రావొద్దంటారు. పిల్లలున్నోళ్ళం కదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ క్యాంపు పెట్టింది మా సిబ్బందే. ఒక్కొక్కరినీ అడిగే ఓపిక లేక, మేస్త్రి నంబరు ఒకటి పట్టుకుని షెడ్డంతటికీ ఎక్కించేశారు. సాయంత్రం టార్గెట్ పూర్తయిందని ఫొటోలు కూడా దిగారు. ఒక ఆడమనిషికి జబ్బు చేస్తే ఆ కబురు మొదట చేరేది ఆమెకి పని ఇచ్చేవాడికి. ఇంతకంటే సిగ్గుమాలిన ఏర్పాటు ఇంకొకటి ఉంటుందా?

ఆమెను వెనక్కి తీసుకొచ్చి తెల్లకాగితం మీద నేనే చీటీ రాశాను. డాక్టరు గారు కొత్తగా చేరినవారు, మారు మాట్లాడకుండా చూశారు. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయన్నారు. దగ్గు చాలా రోజులుగా ఉంది కాబట్టి, టీబీ కాదని తేల్చుకోవడానికి కఫం పరీక్ష రాశారు. ఫోన్ నంబరు ఎక్కించొద్దని ల్యాబ్ టెక్నీషియన్‌కి నేనే వెళ్ళి చెప్పాను. అతను ఎక్కించలేదు. ఆధార్ కొట్టగానే కంప్యూటరే పాత ఐడీని వెతికి పట్టుకుని మేస్త్రికి మెసేజ్ పంపేసింది, టీబీ పరీక్షకు కఫం అందిందని.

గంట తిరక్కుండా ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను.

"మేడం గారూ, మా నాగమణికి టీబీ అంటగా?"

"ఎవరు చెప్పారండి?"

"మీరే కదండీ మెసేజ్ పెట్టేరు. పై దేశాలకెళ్ళే సరుకండి మాది. దగ్గే మనిషిని ఎలా ఉంచుకుంటామండి?"

"ఇంకా రిజల్టే రాలేదు. అయినా ఆమె జబ్బు సంగతి మీకెందుకు?"

"నా ఫోనుకి ఎందుకు పంపేరో మీరే చెప్పాలండి," అని నవ్వి పెట్టేశాడు. మాటలో మర్యాదకేం లోటు లేదు. మర్నాడు నాగమణిని షెడ్డు గేటు దగ్గరే ఆపేశారు.

రిజల్టు వచ్చింది. టీబీ లేదు. ఆమెకున్నది ఉబ్బసం. డాక్టరు గారు నిదానంగా అడిగితే అసలు సంగతి బయటపడింది. పని లేని రోజున దగ్గు తగ్గుతోంది, షెడ్డులో అడుగుపెట్టగానే మొదలవుతోంది. రొయ్యలు వలిచేచోట, క్లోరిన్ నీళ్ళ మధ్య పనిచేసేవాళ్ళలో కొందరికి ఇలా వస్తుందట. జబ్బు ఇచ్చింది షెడ్డు, గెంటేసింది షెడ్డు. మధ్యలో కబురు మోసింది మేము. ఆమెకి ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో నేర్పుతున్నంతసేపూ నాకు కోపం ఆగలేదు. టీబీ లేదన్న రిపోర్టు పట్టుకుని ఆమె మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. "ఇప్పుడు లేకపోతే రేపు రాదా?" అన్నారట.

నెలాఖరు మీటింగులో లేచి ఇదంతా చెప్పాను. పెద్ద అధికారి ఒకాయన ఓపిగ్గా విన్నారు.

"సిస్టర్, నంబరు మార్చుకునే ఆప్షన్ ఉంది కదా. వాళ్ళకి అవేర్‌నెస్ కల్పించండి."

"మార్చాలంటే పాత నంబరుకే ఓటీపీ వెళ్తోందండి," అన్నాను.

ఆయన తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు. తర్వాతి విషయం ఏమిటంటే, ఐడీల టార్గెట్లో మా కేంద్రమే ముందుంది. చప్పట్లు కొట్టారు. షెడ్డు ఆడవాళ్ళు మా గుమ్మం తొక్కడం మానేశారన్న సంగతి ఆ హాల్లో ఎవరికీ పట్టలేదు.

వాళ్ళలో ఒకావిడ సంతలో కనిపిస్తే, జ్వరం వస్తే ఎక్కడ చూపించుకుంటున్నారని అడిగాను.

"ఆర్ఎంపీ గారి దగ్గరికి ఎల్తన్నామండి. ఓ సూదేసి పంపేత్తారు."

"ఆయన డాక్టరు చదువు చదవలేదు కదమ్మా?"

"చదవకపోతే చదవలేదండి. ఆయన ఫోన్ నెంబరు అడగరు."

ఇప్పుడు నా బల్ల ముందుకి ఏ ఆడమనిషి వచ్చినా, బీపీ చూడకముందే అడుగుతాను, ఈ నంబరు ఫోను ఎవరి చేతిలో ఉంటుందమ్మా అని. ఈ ఒక్క ప్రశ్న అడగాలని ఏ ట్రైనింగులోనూ నాకు ఎవరూ చెప్పలేదు. నాగమణి పని పోగొట్టుకుంటే నేను నేర్చుకున్నాను.