చేతిలో ఉంటేనే పలికే పెట్టె

సోల్డరమ్మ అన్న పేరు పెట్టింది ఆడపడుచే. పొద్దస్తమానం బల్ల ముందు కూర్చుని తీగలు అతికే సోల్డరు పొగ పీలుస్తున్న మరదల్ని చూసి ఒకనాడు ఊరికే అంది. ఆ మాట ఇంట్లోవాళ్లు పట్టుకున్నారు, తర్వాత వీధంతా పట్టుకుంది. వంటింటి పక్క గదిలో కిటికీ కింద బల్ల వేసుకుని, చిన్నచిన్న రేడియో పరికరాలు చేసి అమ్మడం ఆమె పని. చదివి నేర్చుకున్నది కొంత, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నది ఎక్కువ.

ఆడపడుచుది నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగం. ప్రతి ఇంటి ముందూ ఒక గుంత, గుంత మీద ఇనప మూత, లోపల మీటరు. కొక్కెం తగిలించి మూత లేపాలి, వంగాలి, మట్టి తుడిచి అంకెలు చదవాలి. ఏళ్లతరబడి వంగీ వంగీ ఆమె నడుము ఇక నావల్ల కాదని మొరాయించింది. ఆఫీసులో కూర్చునే పని ఇప్పించమని అడిగితే నీళ్ల ఇంజినీరు ఒక మెలిక పెట్టాడు.

"మీ మరదలు చేస్తున్న పెట్టెలు ముందు మీ వీధిలో పనిచెయ్యనివ్వండమ్మా. మీటర్ల లెక్క వాటంతట అవే పంపుతుంటే, వచ్చినవి చూసుకోడానికి ఆఫీసులో మనిషి కావాలి. ఆ కుర్చీ మీదే. పనిచెయ్యకపోతే మాత్రం మళ్లీ కొక్కెమే."

అంచేత ఆ పెట్టెల్లో బ్యాటరీతోపాటు వదిన నడుము కూడా ఉందని సోల్డరమ్మకి తెలుసు.

పని చూస్తే చిన్నదే. మీటరు తిరిగిన లెక్కని, వీధి చివర ఎత్తైన ట్యాంకు మీదున్న రిసీవరుకి రేడియోలో పంపాలి. బ్యాటరీ ఏళ్లపాటు రావాలి గనక పెట్టె గొంతు చించుకోడానికి వీల్లేదు. గొణగాలి, ఆ గొణుగుడు దూరానికి వినబడాలి. కిటుకంతా యాంటెన్నాలోనే ఉంది. కడ్డీ యాంటెన్నా పెడితే మూత వేసేసరికి పుటుక్కున విరిగింది. స్ప్రింగులా చుట్టిన తీగ నాలుగిళ్లు కూడా దాటలేదు. చివరికి పట్టీ రకానికి వచ్చింది: ఫిల్ము ముక్కలా పలచగా ఉండి, వంచితే వంగి, వెనకున్న జిగురుతో పెట్టె లోపలి గోడకి అతుక్కుపోయే యాంటెన్నా. వాటిలో రెండు తెప్పించింది. ఒకటి వేలంత సన్నం, రెండోది అరచెయ్యంత వెడల్పు. వెడల్పుది పెట్టెలో పెడితే మూల దగ్గర మడత పడుతోంది, మడత పెట్టకూడదని దాంతో వచ్చిన కాయితం చెబుతోంది. సన్నదే మేలనుకుంది. పైగా పెట్టెలోని సర్క్యూటు బోర్డుని అగ్గిపెట్టెంతకి కుదించిన గొప్ప ఒకటి ఉంది ఆమెకి. వచ్చినవాళ్లందరికీ అరచేతిలో పెట్టి చూపించేది.

బల్ల మీద పరీక్షిస్తే పెట్టె చిలకలా పలికింది. వీధంతా బిగించారు. ఒక్కటీ నోరు విప్పలేదు.

అక్కడ మొదలయ్యాయి తిప్పలు. బ్యాటరీ మరీ దగ్గరగా ఉందేమోనని జరిపింది. పట్టీ ఊడదీసి ఇంకో గోడకి అతికించింది. అది ఒకసారి అతుక్కుంటే మర్యాదగా ఊడే రకం కాదు. ఊడుతూనే ముడత పడింది, చెత్తబుట్టలో పడింది. ఇంకోటి. మళ్లీ ఇంకోటి. ప్రతిసారీ బల్ల మీద పలుకుతుంది, గుంతలోకి దిగగానే మూగనోము పడుతుంది.

"ఇనప మూత కదే, దాంట్లోంచి ఎలా వస్తుంది?" అన్నాడు మొగుడు, తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

"మూత తీసేసినా రావట్లేదు మహానుభావా! ఆమాత్రం చూడకుండా ఉంటానా?"

"అయితే రిసీవరుదే తప్పేమో."

"బల్ల మీంచి పంపితే వినబడుతోందిగా దానికి! మీరు తల తుడుచుకోండి, నా తల తినకండి."

అన్నదిగానీ ఆపైన చెయ్యాల్సిందేమిటో తోచలేదు. ముక్కు మీదున్న కోపం కాస్తా కళ్లలోకి నీళ్లై వచ్చింది. వదిన మాత్రం ఏమీ అనేది కాదు. నడుముకి పట్టీ బిగించుకుని, కొక్కెం భుజాన వేసుకుని వెళ్లిపోయేది. ఏదన్నా అంటే బాగుండుననిపించేది సోల్డరమ్మకి.

ఆ ఉదయం ఇద్దరూ ఇంటి ముందు గుంత దగ్గరే పరీక్షకి దిగారు. రిసీవరుకి అందిన అంకెలు చూపించే కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని సోల్డరమ్మ అరుగు మీద, వదిన గుంత పక్కన స్టూలు మీద. గుంతలోంచి పెట్టె తీసి, మట్టి దులిపి, వదిన చేత్తో పట్టుకుంది.

"వచ్చింది!" సోల్డరమ్మ అరిచింది. "వదినా, ఏం చేశారు?"

"ఏం చేస్తానే, పట్టుకున్నాను."

"స్టూలు మీద పెట్టండి."

వదిన లేచి స్టూలు మీద పెట్టింది. మూగ. మళ్లీ ఎత్తింది. అంకెలు గలగలా వచ్చాయి.

"ఇంకేం," అంది వదిన. "గుంతకో మనిషిని కూర్చోబెట్టి పెట్టె పట్టించమను ఆ ఇంజినీరుని. నాకు కుర్చీ వస్తుందన్నావు, స్టూలు వచ్చింది."

సోల్డరమ్మకి నవ్వు రాలేదు. ఎత్తు అదే, చోటు అదే, మారింది చెయ్యొక్కటే. మరి బల్ల మీద ఎవరి చెయ్యీ లేకుండా ఎలా పలికింది? బల్లని కళ్లముందుకి తెచ్చుకుంది: పెట్టె, కంప్యూటరు, మధ్యలో...

"కేబులు!"

పరీక్షించినప్పుడల్లా పెట్టెకి కంప్యూటరు కేబులు తగిలించే ఉంచింది. సన్న పట్టీ అంటే సగం యాంటెన్నాయే. మిగతా సగం బోర్డులోని రాగి అవ్వాలి. ఆ రాగినే ఆమె అగ్గిపెట్టెంతకి కోసేసింది. బల్ల మీద ఆ లోటు కేబులు తీర్చింది, ఇక్కడ వదిన ఒళ్లు తీర్చింది. గుంతలో తీర్చే దిక్కు లేదు. వెడల్పు పట్టీలో రెండు సగాలూ దాని మీదే ఉన్నాయి, బోర్డుతో దానికి పని లేదు. పెట్టెలో పట్టట్లేదని దాన్నే అవతల పారేసింది తను.

"నా చిన్న బోర్డు తగలెయ్య!" అంటూ నుదురు కొట్టుకుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"పెద్ద పెట్టె, వెడల్పు పట్టీ." తల వంచుకునే చెప్పింది. "అన్ని గుంతల్లోనూ మార్చాలి వదినా."

అంటే వీధిలో మూతలన్నీ మళ్లీ లేపాలి. వదిన చెయ్యి తనకి తెలియకుండానే నడుము మీదకి పోయింది.

కొత్త పెట్టెలు తయారయ్యాక, మొదటి మూత దగ్గర వదిన చేతిలోంచి కొక్కెం లాక్కుంది సోల్డరమ్మ. తగిలించి లాగింది. మూత కదల్లేదు. ఇంకోసారి లాగితే తన నడుములో ఎక్కడో కలుక్కుమంది.

"అలా కాదే తల్లీ. కాళ్లు ఎడం పెట్టు. నడుముతో కాదు, తొడలతో లేపు."

మూత గరగరమంటూ పక్కకి జరిగింది. పెట్టె తగిలించి, మళ్లీ మూసింది. చెమట తుడుచుకుంటూ కంప్యూటరు ముందు చతికిలబడింది. ఏమీ రాలేదు. వదిన ఉండబట్టలేక కొక్కెం అందుకోబోయింది.

"చెయ్యి పెట్టకండి వదినా. మీ చెయ్యి లేకుండానే రావాలి."

ఇద్దరూ ఇనప మూత వంక చూస్తూ ఉండిపోయారు. తెర మీద అంకెల వరస ఒకటి పడింది. వదిన వంగి చూసింది, అంకెలు ఆ నెల తను చదివిన లెక్కకి కాస్త పైనున్నాయి, ఆ తర్వాత వాడిన నీళ్లకి సరిపోయాయి.

"వచ్చిందే," అంది మెల్లిగా.

"వచ్చింది. ఈ పట్టీయే మొదట్లో పెట్టుంటే..." సోల్డరమ్మ మాట మింగేసి, నడుం పట్టుకుని లేచి, పక్కింటి మూతకి కొక్కెం తగిలించింది.

వదిన స్టూలు ఎత్తుకొచ్చి అక్కడ వేసుకుని కూర్చుంది. "కాళ్లు ఎడం పెట్టమన్నానా?"