మరియమ్మ పిన్ని దయ్యం

పాత వారపత్రికలో వచ్చిన దయ్యాల సీరియల్ ఆఖరి భాగాన్ని నిన్న ఒక మిత్రుడు ఫోన్‌కి పంపాడు. పైన ఉన్న ఎర్రకళ్ల బొమ్మ చూడగానే నా ముక్కుకి మిరపఘాటు తగిలింది.

మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. మిరప కల్లంలో అమ్మావాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే, మా మరియమ్మ పిన్ని చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే ఆ సీరియల్ చదివి వినిపించేది. సరిగ్గా భయపడాల్సిన చోటే అందరికీ తుమ్ములొచ్చేవి.

"ఆగావేమే? ఆ పిల్ల తలుపు తీసిందా లేదా?" అనేది అమ్మ.

"ఉండక్కా, దయ్యాన్ని కాస్త రానియ్యి."

ఊరంతా తిరిగి మా చేతికొచ్చేసరికి ఆఖరి వారం పత్రికకు చివరి పేజీ లేదు. పిన్ని ఆ సంగతి పక్కనే కూర్చున్న నాకు తప్ప ఎవరికీ తెలియనియ్యకుండా, చదువుతున్నట్టే ముగింపు తనే అల్లేసింది. దయ్యం మీద జాలితో అమ్మ మిరపకాయల చేతులతోనే కళ్లు తుడుచుకుని, ఆ మంటకి ఇంకా ఏడ్చింది.

నిన్న అసలు ముగింపు చదివాను. దయ్యమే లేదట. ఆస్తి కోసం ఆ పిల్ల మేనమామ కట్టిన వేషమట.

చదవకుండా ఉండాల్సింది. పిన్ని పోయి చాలాకాలమైంది. ఆమె చెప్పిన ముగింపు గుర్తు చేసుకుందామని ఎంతసేపు కళ్లు మూసుకున్నా, ఆ మేనమామే కనిపిస్తున్నాడు.