పాతపట్నం తేనెటీగ, బొబ్బిలి బొటనవేలు

మా తమ్ముడు సూరి బొబ్బిలిలో వీణలకు మెట్లు కూరుస్తాడు. తేనెమైనంలో నల్లపొడి కలిపి కరిగించి, ఆ ముద్దమీద కంచు మెట్లను ఒక్కొక్కటిగా బొటనవేలితో అదిమి నిలబెట్టాలి. మొన్న చలికాలంలో కీళ్లవాతం వచ్చి ఆ వేళ్లే వాచాయి. ఒక వీణ మెట్లు లేకుండానే గోడకు ఆనుకుని ఉండిపోయింది. వేరేవాళ్లకు ఇచ్చేయమంటే వినడు. పాతపట్నంలో ఒకాయన తేనెటీగలతో కుట్టించి నొప్పులు తగ్గిస్తాడని తెలిసి వాణ్ణి బయల్దేరదీశాను.

సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాం. పాలకొండలో ఇడ్లీ తిని, బస్సు మారి, మధ్యాహ్నం కాకముందే పాతపట్నంలో దిగాం. మనిషికి రెండు వందల రూపాయలలోపే అయింది. దారిలో సూరి ఈ అక్కను "అప్పా, ఈగ కుట్టకపోతే?" అని ఒకసారి, "కుడితే?" అని ఒకసారి అడిగాడు.

ఆయన పేరు జగ్గయ్య. ఊరి చివర ఇల్లు, పెరట్లో తేనెపెట్టెలు. మునుపు ఈగ కుడితే దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా అని ముందే అడిగాడు. లేదన్నాం. సూరి పని సంగతి విని నవ్వాడు.

"మైనం పనోడివా! ఇన్నాళ్లూ మా ఈగల కష్టం తిన్నావు. ఒక్క కాటు తినలేవేటి?"

వెదురు పట్టకారుతో ఒక ఈగను తెచ్చి సూరి బొటనవేలి మొదట్లో ఆనించాడు. "అమ్మోయ్!" అన్నాడు సూరి. అంతే, నా గోరు ఆ కొండిని గీకేసింది.

"ఏటమ్మా, మందు తీసి పారేసినావు!" అన్నాడు జగ్గయ్య. "కొండి సర్మంలో ఉంటేనే గదా ఇసం దిగుతాది!"

సూరి నొప్పిలోనే నవ్వాడు. "మా అప్ప అంతేనండి. సిన్నప్పుడు ముల్లు గుచ్చుకోకముందే తీసీసీది."

"పోన్లే, దాన్ని పరీచ్చ అనుకుందాం. కాసేపు కూకో బాబూ. ఊపిరి బాగుంటే ఇంకోటి. అమ్మా, నువ్వు సేతులు జోడించుకుని కూకో."

జోడించి, కళ్లు మూసుకుని జపం చేసుకున్నాను. తెరిచేసరికి రెండో ఈగ కుట్టేసి పోయింది. చర్మంలో కొండి మాత్రం ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది.

ఆయన డబ్బు అడగలేదు. ఒక సీసా తేనె కొని సాయంత్రం బస్సెక్కాం. ఉబ్బిన చెయ్యి చూసి కండక్టరు "ఏటి బాబూ, పొట్లాటా?" అంటే, "ఈగతో" అన్నాడు సూరి.

తర్వాత వారం వారం వెళ్లాం. వెళ్లదలచినవారికి ఒక్క మాట: ముందు డాక్టరుకు చెప్పి వెళ్లండి. కాటు పడ్డాక ఆయాసం వచ్చినా, మొహం ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేసవికి సూరి వాపు కొంత తీసింది. ఈగ విషమో, ఎండో, స్వామి దయో నాకు తెలియదు. నిన్న వాడు మైనం కరిగించి ఆ వీణ ముందు కూర్చున్నాడు. మొదటి మెట్టు ఒరిగింది. సాయానికి నా చెయ్యి లేచింది. వెంటనే రెండు చేతులూ జోడించుకున్నాను. వాడే బొటనవేలితో అదిమి, సరిచేసి, తీగ మీటి చెవి ఒగ్గాడు.

"పలికింది, అప్పా."