లైన్‌మన్ ఇశ్రాయేలు మైకు ముందు

లాల్‌దర్వాజా గల్లీల్లో కరెంటు పోతే జనం ముందుగా తలుచుకునే పేరు ఇశ్రాయేలు. ఇరవై రెండేళ్లుగా లైన్‌మన్. ఏ స్తంభం మీద ఏ తీగకు ఎక్కడ అతుకు వేసి ఉందో కాగితం చూడకుండా చెప్పగలడు. ఈదురుగాలిలో ముప్పై అడుగుల ఎత్తున బెల్టుకు వేలాడుతూ పని చేసేవాడు. అలాంటి మనిషికి ఒకటే భయం. పదిమంది కూర్చుని చూస్తుంటే లేచి మాట్లాడటం.

తొమ్మిదేళ్లప్పుడు క్రిస్మస్ నాడు చర్చిలో వాక్యాలు అప్పజెప్పమని నిలబెట్టారు. రెండో వాక్యం దగ్గరే నోరు ఎండిపోయింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అతన్ని వదల్లేదు. పెద్దయ్యాక చర్చిలో సాక్ష్యం చెప్పమంటే మెల్లగా బయటికి నడిచేవాడు. కూతురు రూప పెళ్లిలో రెండు మాటలు మాట్లాడమంటే వంటల దగ్గర పనుందని తప్పించుకున్నాడు. లైన్ ఇన్‌స్పెక్టర్‌గా ప్రమోషన్ వస్తే వద్దని రాసిచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అయితే రోజూ పొద్దున్నే పదిహేను మందిని నిలబెట్టి పని చెప్పాలి. అదీ అసలు కారణం. ఇంట్లో మాత్రం మోకాళ్ల నొప్పులని చెప్పాడు.

రెండేళ్ల కిందట ఒక స్తంభం మీద అతనికి చిన్న షాక్ కొట్టింది. కరెంటు ఆపించాకే ఎక్కాడు. అయినా కొట్టింది. ఆరా తీస్తే, పక్క దుకాణంలో జనరేటర్ నడుస్తోంది. దాని కరెంటు వెనక్కి తీగలోకి వచ్చింది. అప్పటి నుంచి ఇశ్రాయేలు ఎర్తింగ్ గొలుసు లేకుండా స్తంభం ఎక్కడు. తీగలన్నిటినీ కలిపి నేలకు కట్టేసే గొలుసు అది. ఎటునుంచి కరెంటు వచ్చినా నేలలోకి పోతుంది, మనిషికి తగలదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

జూన్ నెల మీటింగ్‌లో సెక్షన్ ఇంజనీర్ జగదీశ్వర్ అడిగాడు. "వానలు మొదలైతున్నయి. సీనియర్లు ఎవరన్నా జాగ్రత్తలు చెప్తరా?"

ఇశ్రాయేలుకు తనకు కొట్టిన షాక్ గుర్తొచ్చింది. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చింది. కానీ తల వంచుకుని చెప్పులు చూస్తూ కూర్చున్నాడు. అందరికీ తెలిసిందే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

పన్నెండు రోజులకు గాలివాన వచ్చి ఒక గల్లీలో తీగ తెగింది. తనతోపాటే పనిచేసే ప్రేమ్‌రాజ్ కరెంటు ఆపించి స్తంభం ఎక్కాడు. సరిగ్గా అప్పుడే వెనకున్న ఫంక్షన్ హాల్ వాళ్లు జనరేటర్ ఆన్ చేశారు. నాలుగు స్తంభాల అవతల ఉన్న ఇశ్రాయేలుకు కేక వినిపించింది. పరుగున వచ్చి చూస్తే ప్రేమ్‌రాజ్ బెల్టుకు వేలాడుతున్నాడు. జనరేటర్ ఆపించి, ఎక్కి గొలుసు వేసి, దించాడు. ఊపిరి లేదు. నడివీధిలో మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. ఎంతసేపటికో ప్రేమ్‌రాజ్ దగ్గాడు.

ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

వారం తర్వాత ఆస్పత్రిలో ఇశ్రాయేలు బత్తాయి రసం తాగిస్తుంటే ప్రేమ్‌రాజ్ అడిగాడు. "అన్నా, జనరేటర్ కరెంటు గిట్ల వాపస్ వస్తదని నీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తెలుసు తమ్మీ."

"మరి మీటింగ్ల ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

ప్రేమ్‌రాజ్ కోప్పడలేదు. "నువ్వు చెప్తే ఇనేటోన్ని గదన్నా" అని మాత్రం అన్నాడు.

ఆ మాట ఇశ్రాయేలును నిలవనివ్వలేదు. జులై మీటింగ్‌లో ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డాడు. "సార్..." అన్నాడు. ముప్పై తలలు అతనివైపు తిరిగాయి. చెవుల్లో హోరు. "సార్... గొలుసు..." అని ఆగిపోయి కూర్చుండిపోయాడు. ఎవరో నవ్వారు కూడా.

ఇంటికొచ్చి, గొలుసు సంగతి మీటింగ్‌లో చెప్పలేకపోయానని అన్నం వద్దన్నాడు. భార్య లీలమ్మ పత్తర్‌గట్టి దుకాణాల నుంచి చీరలు తెచ్చి ఫాల్ కుడుతుంది. మిషన్ దగ్గర నుంచి లేవకుండానే అంది. "వాళ్లకు చెప్పకుంటే మానె. నాకు చెప్పు. ఏందా గొలుసు?"

చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. "కరెంటు బంద్ చేసినంక మళ్ల ఎట్లొస్తది?" అని అడిగింది. ఫాల్ ముక్క తీసుకుని ఇది తీగ అన్నాడు, దారపు ఉండ పెట్టి ఇది జనరేటర్ అన్నాడు. ఆమె ఇంకోటి అడిగింది. అతను లేచి నిలబడి స్తంభం ఎక్కుతున్నట్టు చేతులు ఆడిస్తూ చెప్పాడు. చివరికి లీలమ్మ గడియారం చూపించింది.

"గంట సేపాయె మాట్లాడవట్టి. ఏదీ నీ భయం?"

"నువ్వు అడుగుతున్నవు గదా. చెప్పుకుంట పోయిన."

"గట్లనే అడిగేటోన్ని ముంగట కూసోబెట్టుకో."

మర్నాడే ఇశ్రాయేలు ప్రేమ్‌రాజ్ ఇంటికి వెళ్లాడు. ఆగస్టు మీటింగ్‌కు ప్రేమ్‌రాజ్ చేతికి కట్టుతోనే వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఇశ్రాయేలు గొలుసు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"అన్నా, నేను పోల్ ఎక్కుతున్న. అంతకుముందు ఏం చెయ్యాలె?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"ముందుగాల చుట్టూ చూడు. జనరేటర్ చప్పుడు ఇనబడ్తుందా, ఏ ఇంట్లనన్నా లైటు బుగ్గ ఎలుగుతుందా చూడు." గొంతు పెగిలింది. ఆ తర్వాత ప్రశ్న వెనక ప్రశ్న వచ్చింది. కాసేపటికి వెనక వరసల వాళ్లూ అడగసాగారు. గొలుసు చేతులు మారింది. పదిహేను నిమిషాల మీటింగ్ గంటంపావు నడిచింది.

డిసెంబరులో అన్ని సెక్షన్లకూ కలిపి పెద్ద సభ పెట్టారు. నాలుగు వందల మంది, వేదిక, మైకు. జగదీశ్వర్ ఇశ్రాయేలు పేరు ఇచ్చాడు. ఆ రోజు ప్రేమ్‌రాజ్‌కు ఆస్పత్రిలో చెయ్యి చూపించుకునే రోజు. రాలేకపోయాడు. ఇశ్రాయేలు ఒంటరిగా మెట్లెక్కాడు. మైకులో తన ఊపిరి తనకే వినిపించింది. ముందు వరసలో పెద్ద ఆఫీసర్లు. అడిగేవాళ్లు లేరు. అర నిమిషం గడిచింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

దిగిపోదామనుకున్నాడు. తల వంచితే తన చెప్పులే కనిపించాయి. జూన్ నెలలో చూసినవీ ఇవే. తల ఎత్తాడు.

"నా పేరు ఇశ్రాయేలు. నాకు మాట్లాడుడంటే భయం. గా భయంతోటి నేను ఒక మాట దాచిపెట్టిన. నా తమ్ముని వేళ్లు రెండు పోయినయి."

ఇక అతను ఆగలేదు. తనకు తగిలిన షాక్, మీటింగ్‌లో దించుకున్న తల, నడివీధిలో ఆగిన ఊపిరి, అన్నీ చెప్పాడు. తీగను ముట్టే ముందు టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకోవాలన్నాడు. గొలుసు విప్పి ఒక్కో కొక్కెం ఎక్కడ తగిలించాలో చూపించాడు. "మీకు తెలిసిన ముచ్చట పక్కోనికి చెప్పుండ్రి. వాడు నవ్వితే నవ్వనియ్యుండ్రి. బతికుంటెనే గదా నవ్వేది" అన్నాడు.

మొదట వెనక వరసల్లోని లైన్‌మన్లు లేచారు. తర్వాత హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇశ్రాయేలుకు ఏం చేయాలో తోచక తనూ చప్పట్లు కొట్టాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "అన్నా, నా పేరు గుండయ్య. గుడిమల్కాపూర్ దిక్కు పనిచేస్త. మీటింగ్ల నిన్ను చూసిన. ఇయ్యాల పోల్ ఎక్కినంక నువ్వు చెప్పినట్టు టెస్టర్ పెట్టిన. లైన్ బంద్ ఉండాలె, కానీ బత్తి ఎలిగింది. ఎవనిదో జనరేటర్." గుండయ్యే మళ్లీ అన్నాడు. "నాకు ఇద్దరు బిడ్డలన్నా."

ఇశ్రాయేలు స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. తర్వాత లీలమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆమె ఏడ్చింది. అతను నవ్వాడు.

ఇప్పుడు కొత్తగా చేరిన లైన్‌మన్లకు మొదటి క్లాసు అతనిదే. మొన్న ఏప్రిల్‌లో ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ మళ్లీ వచ్చింది. ఈసారి సంతకం పెట్టాడు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి పదిహేను మంది ముందు నిలబడి, ఒక్కొక్కరి పేరు పెట్టి పిలిచి, ఆ రోజు పని చెబుతున్నాడు.