పద్మజ గెలిచిన ఒకే ఒక్క పందెం

నిన్న పొద్దున హాస్పిటల్ బయట టీ తాగుతుంటే నర్సు ఫోన్ చేసింది.

"సార్, పైకి రండి" అంది. అంతే.

మెట్లెక్కుతుండగానే అర్థమైంది. తలుపు తీసేదాకా నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మానని చెప్పలేను.

నా భార్య పద్మజ ఇక లేదు.

కొన్ని నెలలుగా కిడ్నీలు బాగాలేవని మీకు తెలుసు. నిన్న సాయంత్రమే అన్నీ అయిపోయాయి. వచ్చినవాళ్లకు, రాలేక ఫోన్ చేసినవాళ్లకు నమస్కారం.

ఏడుపు గురించి రాయను. తనకు నచ్చదు. రివ్యూల గురించి రాస్తాను.

పద్మజ ఆళ్లగడ్డలో ఒక స్కూల్లో లెక్కల టీచర్. మా అమ్మాయి కీర్తన అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. ఇద్దరూ రోజూ నంద్యాలలో బస్సెక్కేవాళ్లు. కిటికీ సీటు పద్మజది. పుస్తకం కీర్తన చేతిలో.

ఆ పుస్తకాలు ఒక సిరీస్. పదిహేనేళ్ల అమ్మాయి గూఢచారి. మేడల మీద నుంచి దూకుతుంది, తాళాలు తీస్తుంది, దేశాన్ని కాపాడుతుంది. కీర్తన చదివి వినిపించేది. పుస్తకం అయిపోగానే ఇద్దరూ కలిసి వాయిస్ మెసేజ్‌లో రివ్యూ చెప్పి, మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవాళ్లు.

స్టార్లు ఇచ్చేవాళ్లు కాదు. ఊళ్లు ఇచ్చేవాళ్లు.

బోరు కొడితే "నంద్యాల బస్టాండులోనే దిగేసినాం". ఫరవాలేదనిపిస్తే "శిరివెళ్ల దాకా". బాగుంటే "ఆళ్లగడ్డ దాకా". బస్సు అక్కడి నుంచి అహోబిలం పోతుంది. కానీ ఆ రేటింగ్ ఏ పుస్తకానికీ ఇవ్వలేదు. పద్మజ పేపర్లు దిద్దడం ఎంత గట్టిగా ఉంటుందో ఆమె స్టూడెంట్స్‌కు తెలుసు.

ఆ గూఢచారి పిల్ల మీద ఆమెకున్న కంప్లైంట్లు మీరూ విన్నారు.

"ఇంట్లో చెప్పకుండా పోయింది. మార్కు కట్."

"మా, అది స్పై. ఇంట్లో చెప్పి పోతాదా?"

"చెప్పే పోవల్ల. పొద్దన్నించీ ఏమీ తినకుండా ఉరుకుతాండాది. కండ్లు తిరిగి పడితే దేశాన్ని ఎవురు చూసుకుంటారు?"

మూడో పుస్తకం తర్వాత వీళ్లకూ గూఢచర్యం పట్టుకుంది. శిరివెళ్లలో ఒకాయన గుడ్డలో బరువుగా ఏదో చుట్టుకుని బస్సెక్కేవాడట. ఒళ్లో పెట్టుకుని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదట. ఆయుధాలే అని కీర్తన తేల్చింది. ఒక శనివారం స్కూలు వదిలాక ఆళ్లగడ్డలో ఆయన కనిపిస్తే తల్లీకూతుళ్లు వెనకాలే వెళ్లారు. సందు చివర ఆయన ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, విగ్రహం కావల్లనా?"

ఆయన శిల్పి. గుడ్డలో ఉన్నవి ఉలులు, శిరివెళ్లలో సాన పట్టించుకుని వస్తాడు. ఏం చెప్పాలో తోచక పద్మజ అవునంది. బేరం కూడా ఆడిందట, అనుమానం రాకూడదని. సాయంత్రం ఇద్దరూ ఒక చిన్న రాతి నందితో ఇంటికి వచ్చారు.

నిన్న ఫొటో పెట్టడానికి టీవీ స్టాండ్ ఖాళీ చేస్తుంటే, ఆ నందిని మాత్రం కీర్తన తీయనివ్వలేదు.

ఇక పందెం సంగతి. ప్రతి పుస్తకంలో ఒక ద్రోహి ఉంటాడు. సగం చదివాక ఇద్దరూ చెరొక పేరు చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు ఆదివారం టిఫిన్‌కు బొరుగులతో ఉగ్గాని చేయాలి.

పద్మజకు ఒక థియరీ ఉంది. ఎదుటివాళ్లింట్లో టీ ఇస్తే తాగనోడు దొంగ. ఆ లెక్కన ప్రతిసారీ అమాయకులను పట్టుకునేది. మా ఇంట్లో ప్రతి పుస్తకానికీ ఉగ్గాని తప్పలేదు. నాకు లాభమే.

చివరి పుస్తకం హాస్పిటల్లో మొదలుపెట్టారు. పద్మజ డ్రైవర్ పేరు చెప్పింది. ఎక్కడా టీ ముట్టలేదట వాడు. కీర్తన నవ్వి ఇంకో పేరు చెప్పింది. ఇంకా నాలుగైదు చాప్టర్లు మిగిలి ఉండగా చదవడం ఆగిపోయింది.

నిన్న స్మశానం నుంచి వచ్చాక ఆ పుస్తకం కీర్తన బ్యాగులోనే ఉండటం చూశాను. ఇక దాన్ని తెరవదేమో అనుకున్నాను. నా భయం అదొక్కటే. వాళ్లిద్దరికీ కలిసి ఉన్నది అది. తల్లితో పాటు అదీ పోతే పిల్లకు ఏం మిగులుతుంది?

ఈ రోజు తెల్లవారుతుండగా లేచి చూస్తే, ఫొటో ముందు కూర్చుని చదువుతోంది. పైకే చదువుతోంది.

కాసేపటికి వచ్చి పక్కన కూర్చుంది.

"నాయనా, డ్రైవరే."

సిరీస్ మొత్తంలో పద్మజ గెలిచింది ఇదొక్కసారే.

కీర్తన లేచి వంటింట్లోకి పోయి బొరుగులు నానబెట్టబోయింది. మా అత్తమ్మ ఆపింది. చావు ఇంట్లో ఇప్పుడే పొయ్యి ముట్టించకూడదంది. పిల్ల బొరుగుల డబ్బా మాత్రం వదల్లేదు. పక్కింటి నూర్జహాన్ అక్క మాకు కాఫీ తెచ్చింది. విషయం విని డబ్బా తనే అందుకుంది.

"పందెం పందెమే కదా అమ్మా. మా పొయ్యి ఉంది, పా."

కొంచెంసేపటికి మా అత్తమ్మే, పుట్నాల పొడి వేయడం మర్చిపోవద్దని చెప్పమని నన్నే పంపింది.

మొదటి ప్లేటు పద్మజ ఫొటో ముందు, నంది పక్కన పెట్టింది కీర్తన. రెండోది నాకు. ఉప్పు ఎక్కువైంది. మొత్తం తిన్నాను.

చివర ద్రోహి ఎవరో బయటపెట్టేశాను, చదవాలనుకునేవాళ్లు మన్నించాలి. రివ్యూలో ముగింపు చెబితే పద్మజ ఒప్పుకునేది కాదు. కానీ తను గెలిచిన సంగతి దాచమని కూడా అనదు.

రివ్యూ మరి, అని అడిగాను. ఫోన్ తీసుకుని ఒక్కతే మేడ మీదికి పోయింది. ఇందాకే గ్రూపులో పెట్టింది. చివర్లో రేటింగ్ ఉంది, వినండి.

"అహోబిలం దాకా."

పద్మజా, కిటికీ పక్క సీటు దొరికే ఉంటుంది. ఇక దిగే తొందర లేదు. నెమ్మదిగా, హాయిగా పో.