కొలను దగ్గర మా బాబాయి గొంతు

మా బాబాయిది పెద్ద గొంతు. ఆయన మెల్లగా "ఉప్పు అందుకో" అంటే పక్కింటివాళ్లు లేచి ఉప్పుడబ్బా వెతుక్కుంటారు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఊరి బయట పక్షుల కొలను దగ్గర జనం నోరు మూయించడం.

అదీ నోరెత్తకుండా మూయించాలి. కొత్తలో ఈల ఊదేవాడట. జనం ఊరుకున్నారు గానీ పక్షులు లేచిపోయాయి. ఆ ఈల పిన్నికి ఇచ్చేసి చేతులతో పని నేర్చుకున్నాడు. పెదవి మీద వేలు పెడితే ఊరుకోమని, చెవి పట్టుకుంటే ఫోను ఆపమని, రెండు చేతులూ జోడిస్తే "నీకు పుణ్యముంటుంది, ఆ ఏడ్చే పిల్లను ఎత్తుకో తల్లీ" అని. పగలంతా మూగనోము. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే గండి పడేది.

"అక్కడ దాచిందంతా నా నెత్తినే పోస్తావా?" అనేది పిన్ని.

"మరి ఎవరి నెత్తిన పొయ్యనే? కొంగల నెత్తినా?"

ఈ ఏడు సరిగ్గా గూళ్ల కాలంలో వాళ్ల ఆఫీసరు ఒక లౌడ్‌స్పీకరు తెచ్చి గట్టు మీద స్తంభానికి బిగించాడు. "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని గంటగంటకూ మోగుతుందట. నిశ్శబ్దానికి మైకు! ఎవరి తెలివో గానీ దండం పెట్టాలి. గొంతు బాగుందని ఆ ముక్క బాబాయి చేతే చెప్పించి రికార్డు చేశారు. ఆయన పొంగిపోయి నన్నూ పిన్నినీ వినడానికి తీసుకెళ్లాడు.

ఆయన గొంతు మోగిందో లేదో, రెల్లులో గుడ్ల మీద కూర్చున్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఖాళీ గూళ్ల మీద కాకులు వాలాయి. బాబాయి మొహం నేను చూడలేకపోయాను. ఆయన తిన్నగా వెళ్లి వైరు పీకేశాడు.

మర్నాడు ఆఫీసరు దిగాడు. నేనూ అక్కడే ఉన్నాను. కాలేజీ మానేసినవాడికి ఇంకేం పని?

"ఎవర్నడిగి పీకావయ్యా? పైనుంచి వచ్చిన ఆర్డరది!"

బాబాయి పెదవి మీద వేలు పెట్టాడు. ఆఫీసరు చెయ్యి పట్టుకుని గట్టు వారకు నడిపించి, పగిలిన గుడ్ల పెంకులు చూపించాడు. ఆఫీసరు వంగి ఒక పెంకు చేతిలోకి తీసుకున్నాడు.

"సరే, ఆ మైకు అక్కణ్ణుంచి తియ్యకు. ఎవరైనా అడిగితే రిపేరులో ఉందని చెప్పు," అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

ఉద్యోగం నిలిచింది. బాబాయి మాత్రం ఇంటికొచ్చి నోరు విప్పలేదు. కంచంలో అన్నం కెలికి వదిలేశాడు.

"ఏమైందయ్యా? తిట్టాడా?" అంది పిన్ని.

"నా గొంతు విని లేచిపోయాయే. మళ్లీ వస్తాయంటావా?"

అది ఆయన నిజంగానే మెల్లగా అడిగాడు. పిన్ని ఆ కంచం తీసేసి మజ్జిగ తెచ్చి పెట్టింది. చాలా రోజులు ఇంట్లో ఆయన గొంతు పైకి లేవలేదు. పక్కింటాయన వచ్చి "మీ ఆయనకు ఒంట్లో బాగాలేదా?" అని కనుక్కుని పోయాడు కూడా.

ఒక సాయంత్రం వీధి చివరినుంచే కేక.

"ఒసేయ్, వచ్చాయే! అన్నీ కాదులే, సగం వచ్చుంటాయి! మళ్లీ పుల్లలేరుకుంటున్నాయి!"

వీధిలో కిటికీలు టపటపా మూసుకున్నాయి. పిన్ని మాత్రం తలుపు బార్లా తీసి నిలబడింది.

"అరుచుకో," అంది. "ఇక్కడ నీ ఇష్టం."