అరటిపువ్వులో పారేసేది

అరటిపువ్వు జిగురు వేళ్ళకు అంటితే సబ్బుకు లొంగదు. ఈ ఉదయం బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా వంటింట్లో, చేతులకు నూనె రాసుకోవడం మరిచి పువ్వు వలవడం మొదలుపెట్టాను. వేళ్ళు నల్లబడ్డాయి. ఆ వగరు వాసన తగలగానే సలీమా మేడమ్ గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండు చలికాలాలు గడిచాయి. అయినా నేనేదైనా తరుగుతుంటే వెనక నిలబడి చూస్తున్నారేమో అనిపిస్తుంది.

మేడమ్‌ది నెల్లూరు. బ్రిస్బేన్‌లో నేను చదువుకునేటప్పుడు ఆహారం, వ్యవసాయం కలిపిన ఒక సబ్జెక్టు చెప్పేవారు. తలమీద దుపట్టా, దాని మీద ఎండ టోపీ, కాళ్ళకు బురద బూట్లు. ఇక్కడ లెక్చరర్లను పేరు పెట్టి పిలవడం మామూలే, కానీ నాకు నోరు పెగిలేది కాదు. "మేడమ్ మేడమ్ అంటుంటే వీళ్ళంతా నన్ను రాణీ అనుకుంటారమ్మాయ్. సలీమా అను చాలు" అన్నారోసారి. "అలాగే మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

ఇక్కడి వియత్నామీయుల తిండి, సాగు, అలవాట్లు చూపించడానికి ఆవిడ మమ్మల్ని ఒక రోజు బస్సులో తీసుకెళ్ళారు. పొద్దున ఇనాలా అనే పేటలో వియత్నామీ అంగళ్ళు, తర్వాత ఊరికి పడమర ఒక కూరగాయల పొలం. అంగళ్ళలో నా హడావిడి చూడాలి. తూటికూర కనపడితే "ఇది మాకూ ఉంది", కాకరకాయ కనపడితే "ఇదీ మాకుంది". మిగతా పిల్లలు ఇదేమిటి, ఎలా వండుతారు అని అడుగుతున్నారు. మేడమ్ మాత్రం ప్రతి అంగట్లోనూ ఒక్కటే అడిగారు: "ఇందులో మీరు పారేసేదేమిటి?" గుమ్మడి తీగల చివుళ్ళు అమ్మే ముసలాయన ముందు వింతగా చూశాడు. తర్వాత చివుళ్ళ పీచు ఎలా లాగాలో చెబుతూ బేరం వచ్చినా పట్టించుకోలేదు.

బస్సెక్కాక అడిగాను, అదేం ప్రశ్న మేడమ్ అని.

"ఏం తింటారంటే గెస్ట్‌కి చెప్పే ఆన్సర్ చెప్తారమ్మాయ్. ఏం పారేస్తారంటే కిచెన్ లోపలికి రానిస్తారు" అన్నారు. అక్కడితో ఆగి, గొంతు తగ్గించారు. "పొలంలో జాగ్రత్త. ఓనర్ హ్వాకి విజిటర్స్ అంటే పడదు. ఎవరో స్టూడెంట్స్ వచ్చి, ఫొటోలు తీసుకుని, మడులన్నీ తొక్కేసి పోయినారంట. ఎంతో బతిమాలితే ఈ ఒక్కసారికి ఒప్పుకుంది. ఇవాళ సరిగ్గా జరిగితే ప్రతి సెమిస్టర్ రావచ్చు. లేదంటే ఇంక మన సబ్జెక్టులో పొలం ఉండదు, పవర్‌పాయింటే."

ఆ పొలం హ్వా ఆంటీది. సలీమా అనలేని నేను ఆవిణ్ణి చూడగానే ఆంటీ అనేశాను. ఇంగ్లీషు పొదుపుగా వాడే మనిషి. మధ్యాహ్నం మా అందరికీ అరటిపువ్వు సలాడ్ చేస్తానంది. నేను ఊరుకుంటేనా? "నేను శుభ్రం చేస్తాను, మా ఇంట్లో చేస్తాం" అన్నాను. అందరూ పుదీనా మడుల వైపు వెళ్ళారు. నేను కుళాయి పక్కన కూర్చుని, ఎర్ర డొప్పలు ఒక్కొక్కటే విప్పి, లోపలి చిట్టి పూలలోంచి గట్టి పుల్ల, పొర తీసి గిన్నె నింపాను. డొప్పలన్నీ, లోపలి తెల్లవాటితో సహా, కోళ్ళకు వేసేశాను.

హ్వా ఆంటీ నిమ్మరసం కలిపిన నీళ్ళ గిన్నెతో వచ్చింది. నా గిన్నెలోకి చూసి, "ఇది చెత్త. డొప్పలేవీ?" అంది. కోళ్ళు వాటిని అప్పటికే చీల్చి మట్టిలో కలిపేశాయి. ఆవిడ ముఖం బిగుసుకుంది. అందరి భోజనం సంగతి అటుంచి, మేడమ్ అన్నాళ్ళు బతిమాలి సంపాదించిన పొలం నా చేతుల్లో పోతోందని అర్థమైంది.

మేడమ్ రాగానే, "మీరైనా చెప్పండి మేడమ్, మనం ఇలాగే కదా చేస్తాం" అన్నాను తెలుగులో.

"నాకు చెప్తే ఏం లాభం? ఆమెని అడుగు."

"ఏమని?"

"పొద్దున్నించీ నేనేం అడగతా ఉండానమ్మాయ్?"

అడిగాను. మీరేం పారేస్తారు ఆంటీ, ఎందుకు పారేస్తారు అని. ఆవిడ నీళ్ళ గిన్నె కింద పెట్టింది. తర్వాత కూర్చుంది. పూలు చేదనీ, వాళ్ళమ్మ వాటిని తీసేసి లేత డొప్పల్నే సన్నగా తరిగి నిమ్మ నీళ్ళలో వేసేదనీ, పల్లీలు, పుదీనా కలిపేదనీ చెప్పింది. చెప్పడం అయ్యాక, "మరి నువ్వేం పారేస్తావు?" అంది.

"మీరు తినేదంతా" అన్నాను.

ఆవిడ గిన్నె వైపు, కోళ్ళ వైపు మార్చి మార్చి చూసి, పడీ పడీ నవ్వింది. ఆ పూలను నా చేతే పసుపు, వెల్లుల్లి, ఎండుమిరప వేసి వండించింది. ఒక ముద్ద తిని ముఖం చిట్లించింది. మళ్ళీ ఒక ముద్ద పెట్టుకుంది. "ఈసారి వచ్చినప్పుడు డొప్పలు నాకు, పూలు నీకు" అంది. ఈసారి అన్న ఆ మాట మేడమ్ కూడా విన్నారు. బస్సు దాకా నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు. ఆ చేతి బరువు నాకింకా తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రిలో రోగులకు ఆహారం సూచించే పని చేస్తున్నాను. ఏం తింటున్నారని అడిగితే నాకు నచ్చే జవాబే చెబుతారు. అందుకే కంచంలో ఏం వదిలేస్తున్నారని అడుగుతాను. అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని మాట్లాడతారు. అలా జరిగిన రోజు మేడమ్‌కి చెప్పుకోవాలనిపిస్తుంది. చెప్పుకోవడానికి ఆవిడ లేరు, అదే బాధ.

ఈ ఉదయం రెండు గిన్నెలు పెట్టుకున్నాను. ఒకదాంట్లో పూలు, ఇంకోదాంట్లో నిమ్మ నీళ్ళలో లేత డొప్పలు. మా అమ్మాయి చెత్తబుట్ట మూత ఎత్తి పట్టుకుని, "అమ్మా, విచ్ వన్ గోస్ ఇన్ ద బిన్?" అంది.

"ఎవరింట్లో?" అన్నాను.